అలమీడాలో పాత పిన్‌బాల్ మిషన్లతో ఒక పూట

శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లినవాళ్లు గోల్డెన్ గేట్ వంతెన, ఆల్కట్రాజ్ జైలు చూస్తారు. నాకు మాత్రం ప్రయాణం ఖాయమైనప్పటి నుంచీ మనసంతా ఓక్లండ్ పక్కనున్న అలమీడా ద్వీపం మీదే. పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం ఉన్నది అక్కడే. పిన్‌బాల్ అంటే అద్దం మూతున్న వాలు బోర్డు మీద లోహపు బంతిని కింద పడిపోకుండా కొడుతూ పాయింట్లు సంపాదించే ఆట. ఓక్లండ్ డౌన్‌టౌన్‌లో రైలు దిగి 51ఏ బస్సెక్కాను. నీళ్ల కిందుగా వెళ్లే సొరంగం దాటితే వెబ్‌స్టర్ వీధే. బయటి నుంచి చూస్తే మామూలు దుకాణాల వరసలా ఉంటుంది. లోపల అడుగు పెడితే గంటలు, టకటకలు, స్ప్రింగుల చప్పుళ్లు.

ఇక్కడ నాణేలు వేసే పని లేదు. టికెట్ కొంటే ఏ మిషన్ మీదైనా తనివితీరా ఆడుకోవచ్చు. ఈ ఏర్పాటు చేసినవాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పిన్‌బాల్ మిషన్‌ను అద్దాల వెనక పెట్టి చూపిస్తే రంగుల పెట్టె తప్ప ఏమీ కనపడదు. దాని డిజైన్ అంతా చేతుల్లోంచి తెలియాల్సిందే.

నేను ముందు వెతుక్కున్నది గాట్‌లీబ్ కంపెనీ 1947లో తెచ్చిన హంప్టీ డంప్టీని. హ్యారీ మాబ్స్ డిజైన్ చేశాడు. ఫ్లిప్పర్లు, అంటే బటన్ నొక్కితే బంతిని మళ్లీ పైకి కొట్టే చిన్న రెక్కలు, వచ్చింది ఈ మిషన్‌తోనే. అంతకు ముందు బంతిని ప్లంజర్‌తో (లాగి వదిలే స్ప్రింగు కడ్డీతో) వదిలాక ఆటగాడు పెట్టెను కాస్త అటూ ఇటూ కదపడం తప్ప చేయగలిగింది లేదు, మిగతాదంతా అదృష్టమే. అందుకే చాలా ఊళ్లలో దీన్ని జూదం కింద లెక్కగట్టారు. న్యూయార్క్‌లో 1940ల్లో పెట్టిన నిషేధం 1976 దాకా పోలేదు. ఆ ఏడాది రోజర్ షార్ప్ అనే ఆయన నగర పాలకుల ముందు మిషన్ ఆడుతూ, బంతి ఎటు వెళ్తుందో ముందే చెప్పి, అటే పంపించి చూపించాడు. ఇది నేర్పుతో ఆడే ఆట అని వాళ్లకు నమ్మకం కుదిరింది.

హంప్టీ డంప్టీకి రెండు పక్కలా మూడేసి చొప్పున ఆరు ఫ్లిప్పర్లుంటాయి. చిన్నవి, బలం కూడా తక్కువే. అయినా బటన్ నొక్కగానే బంతి మళ్లీ పైకి లేస్తుంటే, కింద పడిపోవాల్సిన దాన్ని మన వేలు ఆపిందన్న సంతోషం ఇప్పటికీ కొత్తగానే ఉంది. మరుసటి ఏడాదే స్టీవ్ కోర్డెక్ తన ట్రిపుల్ యాక్షన్‌లో రెండే రెండు ఫ్లిప్పర్లను బోర్డు కింది చివరన పెట్టాడు. నా లెక్కలో ఆట రూపం స్థిరపడింది అక్కడే.

ఎక్కువసేపు గడిపింది మాత్రం 1975 నాటి ఎల్ డొరాడో దగ్గర. ఇదీ గాట్‌లీబ్‌దే. డిజైన్ ఎడ్ క్రిన్‌స్కీది, బొమ్మలు గార్డన్ మోరిసన్‌వి. ఒక్కరే ఆడే మిషన్. కంప్యూటర్ లేదు, తెర లేదు. బోర్డు పైభాగంలో డ్రాప్ టార్గెట్లు, అంటే గురి చూసి కొట్టాల్సిన చిన్న పలకలు, బారుగా నిలబడి ఉంటాయి. వాటిని కొట్టడానికి కింద ఉన్న జత కాక పైన ఇంకో జత ఫ్లిప్పర్లున్నాయి. బంతి తగిలిన టార్గెట్ టప్‌మని బోర్డులోకి దిగిపోతుంది.

ఇందులోని తెలివి ఆడగా ఆడగా అర్థమైంది. మొదట్లో గురి పెద్దగా అక్కర్లేదు, ఎటు కొట్టినా ఏదో ఒకటి పడుతుంది. పడేకొద్దీ వరసలో ఖాళీలు పెరుగుతాయి. చివరికి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలేసరికి, అదే బోర్డు మీద అవే ఫ్లిప్పర్లతో ఆట ఎంతో కష్టమైపోతుంది. ఆటను కష్టం చేయడానికి మిషన్ కొత్తగా ఏమీ తేలేదు, మనం బాగా ఆడటమే దాన్ని కష్టం చేసింది. నేను చూసిన ఆటల్లో ఇంత పొదుపైన ఆలోచన మరొకటి లేదు.

ఇంకొకటి, శబ్దం. బంతి మీంచి కన్ను తిప్పితే పోయినట్టే కదా, మరి స్కోరు ఎలా చూస్తాం? పెట్టెలో ఉన్న లోహపు పలకలు పాయింట్ల విలువను బట్టి వేర్వేరు స్వరాల్లో మోగుతాయి. కాసేపటికి తలెత్తకుండానే పాయింట్లు చెవికి తెలిసిపోతుంటాయి. వెనక అంకెల చక్రాలు తిరిగే కరకర కూడా అందులో కలిసి, ఆటకో లయ వస్తుంది.

ఇదంతా ఎలా నడుస్తుందో చూపించడానికి మ్యూజియం వాళ్లు పారదర్శకమైన మిషన్ ఒకటి తయారు చేసి పెట్టారు. లోపల రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), విద్యుదయస్కాంతాలు, మెల్లగా తిరిగే ఒక మోటారు. బంపర్‌కు (బంతిని వెనక్కి తన్నే గుండ్రటి దిమ్మెకు) బంతి తగలగానే ఏ స్విచ్ కలిసింది, ఏ రిలే లాగింది, ఏ చక్రం ఒక పన్ను ముందుకు జరిగింది, అంతా కంటికి కనిపిస్తుంది. అక్కడ నిలబడితే గంట సులువుగా గడిచిపోతుంది.

అక్కడ సేవ చేస్తున్న ఒక పెద్దాయన నా ఆట గమనిస్తూ దగ్గరికొచ్చారు. “ఫ్లిప్పర్లు అంత తొందరగా నొక్కకండి. బంతిని ఫ్లిప్పర్ మీద ఆగనివ్వండి, ఆ తర్వాత గురి చూడండి” అన్నారు. పెట్టెను అరచేత్తో చిన్నగా తోయడం కూడా చూపించారు. మరీ గట్టిగా తోస్తే లోపల వేలాడే గుండు చుట్టూ ఉన్న రింగును తాకుతుంది, ‘టిల్ట్’ దీపం వెలిగి ఫ్లిప్పర్లు చచ్చుపడిపోతాయి. ఆ హద్దు దాటకుండా ఎంత తోయొచ్చో తెలుసుకోవడంలోనే పాత మిషన్ల అసలు రుచి ఉంది. వాటి బోర్డు వాలు తక్కువ, బంతి నింపాదిగా దొర్లుతుంది కాబట్టి తోసే వ్యవధి దొరుకుతుంది.

తర్వాతి కాలం మిషన్లూ ఆడాను. 1980 నాటి బ్లాక్ నైట్‌లో రెండు అంతస్తుల బోర్డు గొప్పగానే ఉంది. 1992లో వచ్చి 20 వేలకు పైగా అమ్ముడైన ఆడమ్స్ ఫ్యామిలీలో హడావుడి, మాటలు, సరదా అన్నీ ఉన్నాయి. కానీ ఏం చేస్తే ఏమొస్తుందో మిషన్ చెబితేనే తెలుస్తుంది. ఎల్ డొరాడోలో బోర్డు వంక ఒకసారి చూస్తే చాలు. కొంచెంసేపటికే మళ్లీ దాని దగ్గరికే వెళ్లిపోయాను.

మీరు వెళ్తే పాతవాటితోనే మొదలుపెట్టండి, కొత్తవి ఆడాక పాతవి నెమ్మదిగా అనిపించి ఓపిక ఉండదు. ప్రతి మిషన్ బోర్డు కింది చివరన, ఫ్లిప్పర్లకు ఇవతల, మనకు దగ్గరగా ఒక చిన్న కార్డు ఉంటుంది. ఏది కొడితే ఏది వెలుగుతుందో, అదనపు ఆట ఎప్పుడు వస్తుందో దాని మీద నాలుగు వాక్యాల్లో రాసి ఉంటుంది. ప్లంజర్ లాగే ముందు అది చదవండి.