వ్యాగన్ఆర్ స్టీరియో రిపేరు: బ్యాటరీ డౌన్, ఈల మోత, ఒక ఎర్త్ వైరు

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న మా వ్యాగన్ఆర్‌లో పాత ఓనర్ వేయించిన ఏడు అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో ఉంది. కారుకు ఏ లోటూ లేదు, తలనొప్పంతా ఈ సెట్‌తోనే. నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ డౌన్ అయి సెల్ఫ్ అందుకోదు. ఇంజిన్ నడుస్తుంటే స్పీకర్లలో చెవి దగ్గర దోమ తిరిగినట్టు సన్నటి ఈల వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అది పైకి లేస్తుంది. వాల్యూమ్ పెంచితే ఒక్కోసారి సెట్ దానంతట అదే ఆగిపోయి మళ్లీ లోగో నుంచి మొదలవుతుంది. నల్లగొండలో ఒకాయనకు చూపిస్తే చూడగానే తేల్చేశాడు: "సెట్టే ఖరాబైంది తమ్మీ, కొత్తది ఏపిచ్చుకో."

ఈ మూడూ వైరింగ్ వల్ల కూడా వస్తాయి. మీటరు పెట్టకుండా పనిచేసే సెట్‌ను పారేయడం నాకు ఇష్టం లేదు. అందుకే నాన్నా నేనూ ఇంట్లోనే మొదలుపెట్టాం. మా ఎండలకు ఎనిమిది దాటితే కారులో తల పెట్టలేం కాబట్టి పనంతా తెల్లవారుజామునే.

ముందు బ్యాటరీ సంగతి

తాళం చెవి బయటికి తీసేసి, డోర్లన్నీ వేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, టెర్మినల్‌కూ ఆ కేబుల్‌కూ మధ్యలో మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టాం. మీటరు అలా సిరీస్‌లో ఉన్నంతసేపు తాళం తిప్పకూడదు, సెల్ఫ్ కొట్టారంటే మీటరు ఫ్యూజు పోతుంది. కారులోని కంప్యూటర్ నిద్రలోకి వెళ్లడానికి పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేసి రీడింగ్ చూడాలి. బాగున్న కారులో 0.05 ఆంపియర్ల లోపు ఉంటుంది. మాది 0.38 చూపించింది. అంటే రోజుకు తొమ్మిది ఆంపియర్ అవర్లు. బ్యాటరీలో పట్టేది 35 ఆంపియర్ అవర్లు. నాలుగో రోజుకు సెల్ఫ్ ఎందుకు అందుకోవడం లేదో లెక్క అక్కడే తేలింది.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే రేడియో ఫ్యూజు దగ్గర రీడింగ్ 0.02కు పడిపోయింది. డ్యాష్‌బోర్డు ప్యానెల్ విప్పి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. స్టీరియో వైపు పసుపు వైరు ఎప్పుడూ 12 వోల్టులు ఉండే బ్యాటరీ లైనుకు పోవాలి, సెట్టింగులు గుర్తుండేది దానివల్లే. ఎరుపు వైరు తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఏసీసీ లైనుకు పోవాలి. మా కారులో ఈ రెండింటినీ కలిపి మెలేసి బ్యాటరీ లైనుకే ఇచ్చేశారు. బటన్ నొక్కితే స్క్రీన్ మాత్రం ఆరిపోయేది, లోపలి బోర్డు రాత్రంతా నడుస్తూనే ఉండేది.

పైగా జాయింట్లకు చుట్టింది మామూలు ఇన్సులేషన్ టేపు. మా వైపు వేసవిలో మూసి ఉన్న కారు లోపల ఆ టేపు జిగురు కరిగి, టేపు జారి, రాగి తీగ బయటపడింది. ఇక్కడి వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: డ్యాష్‌బోర్డు వెనక టేపు జాయింటు వద్దు. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయండి, లేదా మంచి క్రింప్ కనెక్టర్ (నొక్కి బిగించేది) వాడండి.

ఏసీసీ లైను వెతకడానికి కారు వైపు వైర్ల రంగులను నమ్ముకోలేదు, అవి కంపెనీని బట్టి మారతాయి. తాళం తీసినప్పుడు సున్నా, మొదటి మెట్టు తిప్పితే 12 వోల్టులు చూపించే వైరు ఏదో మీటరుతో పట్టుకుని ఎరుపు దానికి కలిపాం. వెతికేటప్పుడు పసుపు రంగు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) కనిపిస్తే అందులో మీటరు ముల్లు అస్సలు పెట్టకండి, అది ఎయిర్‌బ్యాగ్‌ది కావచ్చు. మళ్లీ కొలిస్తే 0.03 ఆంపియర్లు వచ్చింది. అయితే ఈల మోత అలాగే ఉంది, సెట్ ఆగిపోవడమూ తగ్గలేదు.

అసలు దొంగ ఎర్త్

ఇక్కడే ఎక్కువ సమయం పట్టింది, నాకు బాగా నచ్చిన భాగమూ ఇదే. మీటరును వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి సెట్ వెనక ఇనుప బాడీకి తగిలించాను. నాన్న పాట పెట్టి వాల్యూమ్ పెంచారు. ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరే దారి, సరిగ్గా ఉంటే 0.1 వోల్టు కూడా రాకూడదు. బేస్ పడినప్పుడల్లా 0.7 దాకా ఎగిరింది. అనుమానంతో యాంటెనా జాక్ పీకాను. సెట్ టప్పుమని ఆగిపోయింది!

అంటే ఇన్నాళ్లూ ఆ సెట్‌కు ఎర్త్ అందుతున్నది దానికోసమే ఉన్న నల్ల వైరు నుంచి కాదు. యాంటెనా కేబుల్ మీది సన్నటి జాలీ నుంచి, రివర్స్ కెమెరా వైరు జాలీ నుంచి అందుతోంది. సిగ్నల్‌ను కాపాడాల్సిన జాలీలో సెట్ తాగే కరెంటంతా పారితే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) ఈల స్పీకర్లలోకి రాక తప్పదు. వాల్యూమ్ పెరిగితే కరెంటు చాలక బోర్డు రీస్టార్ట్ అవుతుంది. రెండు కంప్లయింట్లకూ కారణం ఒకటే.

నల్ల వైరును వెతుక్కుంటూ పోతే పెయింట్ వేసిన చిన్న పట్టీకి, అదీ వదులుగా ఉన్న స్క్రూ కింద దొరికింది. దాన్ని తీసేసి, డ్యాష్‌బోర్డు వెనక ఉండే దిట్టమైన ఇనుప దూలం బోల్టు దగ్గర పెయింట్‌ను ఇసుక కాగితంతో గీకి, మెరిసే లోహం కనిపించాక వైరు కొసకు రింగ్ లగ్ (బోల్టు దూరే రింగు) వేసి స్టార్ వాషర్‌తో (పళ్లున్న వాషర్) బిగించాం. తుప్పు పట్టకుండా పైన కొంచెం గ్రీజు రాశాం. తిరిగి కొలిస్తే నిండు వాల్యూమ్‌లో 0.03 వోల్టు. యాంటెనా పీకినా సెట్ ఆగలేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి రేజ్ చేస్తే ఈల లేదు. నాన్న ఇంకోసారి రేజ్ చేయించి, స్పీకర్‌కు చెవి పెట్టి మరీ విన్నారు.

ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెట్టి ఆక్స్ వైరుతో పాటలు పెడితే మాత్రం ఈల కొద్దిగా వస్తుంది. ఛార్జర్ ఎర్త్, ఆక్స్ ఎర్త్ రెండూ కలిసి చుట్టు ఏర్పడటం వల్ల అది. బ్లూటూత్‌లో ఆ బాధ లేదు, మేం వాడేది అదే కాబట్టి వదిలేశాం.

ఎఫ్ఎం కోసం నార్కట్‌పల్లి దాకా వెళ్లొచ్చాం. హైవే ఎక్కాక కూడా హైదరాబాద్ వివిధ భారతి 102.8 గరగరలాడుతుంటే సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఉన్న డ్యాష్‌క్యామ్ ఛార్జర్ పీకి చూశాను, వెంటనే పాట తేటపడింది. చవక ఛార్జర్లు ఎఫ్ఎం బ్యాండ్‌లోకి మోత వదులుతాయి. అది మార్చాలి.

వెనక ఎడమ స్పీకర్‌కు ప్లస్ మైనస్ తారుమారుగా ఉన్నాయి. బ్యాలెన్స్‌ను ఒకే పక్కకు తిప్పితే బేస్ పెరగడం దాని గుర్తు. మార్చేశాం. స్పీకర్ మైనస్‌ను బాడీ ఎర్త్‌కు మాత్రం ఎప్పుడూ కలపకండి. ఈ సెట్లలో స్పీకర్ వైర్లు రెండింటిలోనూ వోల్టేజీ ఉంటుంది, బాడీకి తగిలితే యాంప్లిఫయర్ ఐసీ (చిప్) పోవచ్చు.

పసుపు లైనులో ఎవరో 30 ఆంపియర్ల ఫ్యూజు వేసి ఉంచారు. అంత సన్నటి వైరుకు అది ప్రమాదం, ఫ్యూజు కంటే ముందు వైరే కాలుతుంది. సెట్ మీద రాసినట్టే 15 వేశాం.

ఇంకా మిగిలింది రివర్స్ కెమెరా. బొమ్మ అప్పుడప్పుడు వణుకుతోంది. డిక్కీ తలుపు దగ్గర రబ్బరు గొట్టంలో వైరు మడత పడేచోట తెగిందేమోనని అనుమానం. వచ్చే ఆదివారం అది విప్పుతాం.