ఫిలిప్పీ పత్రిక చదువుతుంటే

మా సంఘంలో శుక్రవారం కూటంలో ఈ మధ్య బైబిల్లోని ఫిలిప్పీయులకు రాసిన పత్రిక చదువుతున్నాం. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణంలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం అది. నాలుగే అధ్యాయాలు. ఎన్నోసార్లు చదివినదే, కానీ ఈసారి రెండు చోట్ల ఆగిపోయాను.

మొదటిది మూడో అధ్యాయం. అప్పటికి పౌలు ఎన్నో సంఘాలు స్థాపించాడు, దెబ్బలు తిన్నాడు, సంకెళ్లలో ఉండి ఈ పత్రిక రాస్తున్నాడు. అయినా నేనింకా గమ్యం చేరలేదు, పరుగెత్తుతూనే ఉన్నాను అంటాడు. ఆ వెంటనే, ఎదిగిన విశ్వాసులు కూడా ఇలాగే ఆలోచించాలి అంటాడు. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. క్రీస్తును నమ్మి రక్షణ పొంది ఇన్నేళ్లయినా ఇంకా ఈ కోపం, ఈ టెన్షన్ ఎందుకని లోలోపల కుమిలిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ ఈ అధ్యాయం చదివి వినిపించాలనిపించింది.

రెండోది నాలుగో అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల సంగతి. ఇద్దరూ సువార్త పనిలో పౌలుతో కలిసి ప్రయాసపడ్డవాళ్లే. అయినా వాళ్ల మధ్య మనస్పర్థ. పౌలు వాళ్లను పక్కన పెట్టలేదు, పేరుపేరునా బతిమాలాడు. పైగా వాళ్లకు సాయం చేయమని మరొకరికి చెప్పాడు. మాటా మాటా పెరిగి సంఘానికి రావడం మానేసినవాళ్ల దగ్గరికి మనలో ఎవరైనా ఇలా వెళ్తున్నామా?

ఇంకా పరుగెత్తుతూనే ఉండడం అంటే మా కూటంలోని ఒక పెద్దమ్మ గుర్తొస్తారు. కొడుకు ఉద్యోగం కోసం ఏళ్లుగా ప్రార్థిస్తున్నారు. మొన్న ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు, "అడుగుతూనే ఉన్నానమ్మా, కానీ ఇప్పుడు దేవుడి మీద అలగడం లేదు" అన్నారు. ఆ తర్వాత పక్కింటావిడ ఆపరేషన్ గురించి ప్రార్థించమని, ఆ సంగతే ఎక్కువసేపు చెప్పారు.