తక్కువ బడ్జెట్‌లో ఏఆర్-10

మొత్తానికి నా ఏఆర్-10, అంటే .308 సైజు తూటాలు వాడే రైఫిల్, తయారైంది. విడిభాగాలు కొని బిగించుకుంటే చవగ్గా అయిపోతుందని ఇక్కడ టెక్సాస్‌లో చాలామంది చెప్పే మాటే. ఇదే కోవలోని చిన్న రైఫిల్ ఏఆర్-15కి అది కొంత నిజం. దాని భాగాలు చాలావరకు ఒకే కొలతల్లో ఉంటాయి, ఎక్కడ తక్కువకి దొరికితే అక్కడ కొనొచ్చు.

ఏఆర్-10 అలా కాదు. యూజీన్ స్టోనర్ 1950ల్లో ముందు రూపొందించింది దీన్నే, కానీ అమెరికా సైన్యం తీసుకున్నది దీని చిన్న తమ్ముడు ఏఆర్-15ని. అందుకే దీనికి ఒక ప్రామాణిక కొలత లేదు. డీపీఎంఎస్, ఆర్మలైట్ అనే కంపెనీల పేర్ల మీద రెండు తరహాలు. రైఫిల్ బాడీ రెండు ముక్కలు (రిసీవర్లు): పైది అప్పర్, కిందిది లోయర్. ఒకదాని అప్పర్, ఇంకోదాని లోయర్ కలవవు. సేల్ బోర్డు చూడగానే చేయి ఆగని నాలాంటివాళ్లకి ఇదే టెన్షన్. అందుకని రెండు రిసీవర్లూ ఒకే కంపెనీవి తీసుకున్నా. బ్యారెల్, బోల్ట్ మీద డబ్బు పెట్టి, స్టాక్, గ్రిప్ దగ్గర పిసినారితనం చూపించా.

చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న లోయరే. లైసెన్సున్న డీలర్ దగ్గర తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే చేతికొచ్చింది. హెచ్1బీ మీదున్న మనవాళ్లు జాగ్రత్త: హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీయే కాదు, తూటాలు ఉంచుకున్నా ఫెడరల్ నేరమే. గ్రీన్ కార్డ్ దాకా నేను ఆగింది అందుకే.

ఇక అసలు ఖర్చు తూటాలది. ఏఆర్-15లో వాడే 5.56 తూటా కంటే .308 బాగా ఖరీదు. స్కోప్ కొన్నారా అని మా ఆవిడ అడిగితే లేదన్నా. అబద్ధం కాదు, ఇంకా కార్ట్‌లోనే ఉంది.