రెండుసార్లు రిటర్న్ అయిన కట్ట, ఒకసారి పోయిన వైవా

ఫ్రెండ్స్, సెలెక్షన్ లిస్టులో నా హాల్‌టికెట్ నంబరు చూసుకుని ఇవాళ్టికి ఆరు రోజులు. ఫోన్ చేసినవాళ్ళంతా అడిగేవి మూడే ప్రశ్నలు: ఏ కోచింగ్, ఏ బుక్స్, రోజుకి ఎన్ని గంటలు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. జూనియర్ సివిల్ జడ్జి సిలబస్ మీకు తెలిసిందే, దాని జోలికి పోను. గెలిచిన అటెంప్ట్ కన్నా పోయిన అటెంప్టే నాకు ఎక్కువ గుర్తుంది, అందుకని దాని గురించే ఎక్కువ రాస్తాను.

మొదటిసారి స్క్రీనింగ్ దాటాను, మెయిన్స్ దాటాను, వైవాలో పోయాను. బయోడేటాలో గొప్పగా "కార్మిక నష్టపరిహారం కేసుల్లో అనుభవం" అని రాసుకున్నాను. మాది ఒంగోలు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ప్రమాదాలు జరిగితే ఆ కేసులు, నేను జూనియర్ లాయరుగా పనిచేసే మా సీనియర్ గారి ఆఫీసుకి చాలానే వస్తాయి. ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద అవి మామూలు కోర్టులో కాక కమిషనర్ ముందు నడిచేవి. అనుభవం అంటే నిజానికి క్లెయిమ్ పిటిషన్లు టైప్ చేయించడం, వాయిదా రాసుకురావడం. బోర్డులో ఒక పెద్దాయన నా కాగితం చూసి, "కమిషనర్ ఆర్డర్ మీద యజమాని హైకోర్టుకి అప్పీలు వేస్తే మెమోతో పాటు ఏం జతచేయాలి?" అన్నారు.

"ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ సర్."

"ఇంకా?"

"వకాలత్, కోర్టు ఫీజు సర్."

"ఇంకా?"

ఆ రెండో "ఇంకా"కి కంగారు పుట్టింది. సీపీసీలో (సివిల్ ప్రొసీజర్ కోడ్) నాకు బాగా వచ్చిన రూల్ ఒకటుంది, రాసినవి నిజమని కింద పూచీ పడే వెరిఫికేషన్ గురించి. దాన్ని పట్టుకున్నాను. "వెరిఫికేషన్ సర్, ఆర్డర్ 6 రూల్ 15." అక్కడితో ఆగానా? లేదు. కింద సంతకం చేయాలి, ఏ పేరాలు స్వయంగా తెలిసినవి, ఏవి విని నమ్మినవి విడదీసి చెప్పాలి, తేదీ స్థలం వేయాలి, 2002 నుంచి సబ్‌రూల్ 4 ప్రకారం అఫిడవిట్ కూడా ఇవ్వాలి అని సుప్రభాతంలా అప్పజెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు.

"బాగుంది. ఆర్డర్ 6 రూల్ 1 ప్రకారం ప్లీడింగ్ అంటే ఏమిటి?"

"ప్లెయింట్ లేదా రిటన్ స్టేట్‌మెంట్ సర్. అంటే దావా, దానికి జవాబు."

"అప్పీలు మెమో ఈ రెంటిలో ఏది?"

ఏదీ కాదు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలీదు. రెండు మార్కుల తేడాలో పోయింది.

ఇంటికొచ్చి నెల రోజులు బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకం) ముట్టుకోలేదు. తర్వాత ఒకరోజు ఆర్డర్ 41 రూల్ 1 మొదటిసారి చదువుతున్నట్టు చదివాను. మెమో మీద అప్పీలుదారు గానీ వకీలు గానీ సంతకం చేస్తే చాలు, వెరిఫికేషన్ ఊసే లేదు. జడ్జిమెంట్ కాపీ జతచేయాలి. అభ్యంతరాలు క్లుప్తంగా, వేర్వేరు శీర్షికల కింద, వాదన గానీ కథనం గానీ లేకుండా, వరస నంబర్లు వేసి రాయాలి. వాదన, కథనం వద్దనడంలోనే ఉంది కిటుకంతా. మెమోలో కొత్త వాస్తవం ఏమీ చెప్పం. కింది కోర్టు ఎక్కడ తప్పు చేసిందో చెబుతాం. ఒట్టు వేయడానికి అక్కడ విషయమే లేదు. అదే అప్పీలుతో పాటు రూల్ 3ఎ కింద ఆలస్యం మాఫీ పిటిషన్ వేస్తే, ఎందుకు ఆలస్యమైందో అది కొత్త వాస్తవం, అందుకే అఫిడవిట్ అడిగారు. వాస్తవం ఎక్కడ చెబుతున్నామో అక్కడ ఒకరు దానికి పూచీ పడాలి. ఇది తలకెక్కాక సగం ప్రొసీజర్ బట్టీ పట్టాల్సిన పని లేకుండా పోయింది.

మరి పెద్దాయన అడిగిన ఆ మూడో కాగితం ఏమిటి? అది నాకు పుస్తకం నేర్పలేదు. ఒక క్వారీ యజమాని నేర్పాడు.

మా సీనియర్ గారు ఎప్పుడూ కార్మికుల వైపే ఉంటారు. ఆయన స్నేహితుడి మాట కాదనలేక ఆ ఒక్కసారి యజమాని తరఫున అప్పీలు ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్ళ కూలీ చనిపోయాడు. నెల జీతం లెక్కకి 2020 నుంచి ఉన్న పరిమితి 15,000, అందులో సగం 7,500, ముప్పై ఏళ్ళ వయసుకి చట్టం నాలుగో షెడ్యూల్ చెప్పే ఫ్యాక్టర్ (గుణకం) 207.98, రెండూ గుణిస్తే మొత్తం 15,59,850 రూపాయలు. ఆ పైన వడ్డీ. యజమాని నలభై రోజులు ఆలోచించి మా దగ్గరికి వచ్చాడు. గడువు ఆ నష్టపరిహార చట్టం సెక్షన్ 30 ప్రకారం అరవై రోజులు. డ్రాఫ్టు నాకిచ్చారు. ఒంగోలు నుంచి బస్సులో అప్పీలు కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని నేలపాడు హైకోర్టుకి వెళ్ళి యాభై ఏడో రోజున ఫైల్ చేసి, ఏదో సాధించినట్టు గుంటూరులో మిర్చిబజ్జీ తిని వచ్చాను.

కట్ట రిటర్న్ అయింది, అంటే లోపం ఉందని హైకోర్టు ఆఫీసు తిప్పి పంపింది. దాని మీద రాసిన ఎండార్స్‌మెంట్ ఒకే ముక్క: సెక్షన్ 30(1) మూడో ప్రొవైజో (షరతు) ప్రకారం డిపాజిట్ సర్టిఫికెట్ లేదు. ఆర్డర్ ప్రకారం చెల్లించాల్సిన మొత్తం కమిషనర్ దగ్గర కట్టి, కట్టినట్టు ఆయన ఇచ్చిన సర్టిఫికెట్ మెమోతో పెట్టకపోతే యజమాని అప్పీలు నిలవదు. ఇదీ వైవాలో నా నోట రాని కాగితం! యజమానితో చెబితే, "బ్యాంకు గ్యారంటీ ఇస్తానమ్మా, ఒప్పుకోరా?" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. ఎందుకంటే ఆర్డర్ 41 రూల్ 1(3)లో డబ్బు డిక్రీ మీద అప్పీలుకి డిపాజిట్ లేదా సెక్యూరిటీ అని రెండు దార్లున్నాయి. సీనియర్ గారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "అమ్మాయ్, సెక్షన్ 30లో 'లేదా' ఎక్కడుంది చూపించు." లేదు.

యజమాని రెండో ప్రశ్న ఇంకా మంచిది. "కడితే ఆ కూలీ భార్య తీసేసుకుంటుంది కదా, తర్వాత నేను గెలిస్తే?" దానికోసమే ఒకప్పుడు సెక్షన్ 30ఎ ఉండేది. అప్పీలు తేలేదాకా ఆ సొమ్మును కమిషనర్ ఆపి ఉంచే వీలుండేది, హైకోర్టు ఆదేశిస్తే ఆపి తీరాల్సి వచ్చేది. 2017 సవరణలో ఆ సెక్షన్‌ని తీసేశారు. ఈ 30ఎ పోయిన సంగతి మనలో చాలామంది నోట్సులో ఉండదు, నాది కూడా అంతే.

డబ్బు సర్ది సర్టిఫికెట్ తెచ్చేసరికి అరవై రోజులు దాటిపోయాయి. సర్టిఫికెట్ లేకుండా ముందు వేసింది అప్పీలే కాదని అవతలివాళ్ళు అంటారని సీనియర్ గారు ఆలస్యం మాఫీ పిటిషన్ కూడా వేయమన్నారు. సెక్షన్ 30(3) వల్ల లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 5 (తగిన కారణం చూపితే ఆలస్యం మాఫీ) వర్తిస్తుంది, అంతవరకు నయం. అఫిడవిట్ రాశాను. కింద "పై విషయాలన్నీ నాకు తెలిసినంతవరకు, విన్నంతవరకు, నమ్మినంతవరకు యదార్థములు" అని పెట్టాను. మళ్ళీ రిటర్న్. ఈసారి వెరిఫికేషన్‌లో తేదీ, స్థలం లేవని. వైవాలో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పిన మనిషిని నేనే! ఎదుట యజమాని ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏడ్చేదాన్ని.

సీనియర్ గారు తేదీతో వదల్లేదు. "అన్నీ తెలుసు, అన్నీ విన్నాను, అన్నీ నమ్మాను అంటే ఏదీ చెప్పనట్టే" అన్నారు. అప్పుడు చదివాను 1952 నాటి పురుషోత్తం జోగ్ నాయక్ తీర్పు. ఏది స్వయంగా తెలుసు, ఏది ఎవరి ద్వారా తెలిసింది అని విడదీయమంటుంది. తర్వాత 2006 రిపోర్టుల్లో ఉదయ్ శంకర్ త్రియార్. మెమో సంతకంలో, వకాలత్‌లో లోపం ఉంటే సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి గానీ దాన్ని పట్టుకుని హక్కునే తుంచేయకూడదంటుంది. ఈ రెండూ సెక్షన్ 30 డిపాజిట్ షరతు పక్కన పెట్టి చదవండి. సంతకం లోపం దిద్దుకోవచ్చు, డిపాజిట్ లోపాన్ని డబ్బు కట్టి తప్ప ఇంకెలానూ దిద్దుకోలేం. మెయిన్స్‌లో ఇలాంటి ప్రాబ్లం వస్తే ఈ తేడా దగ్గరే మార్కులు.

పోల్చుకోవడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 173 కూడా పక్కన పెట్టుకోండి. అక్కడ 25,000 లేదా అవార్డులో సగం, ఏది తక్కువైతే అది కడితే చాలు. క్వారీలో లారీ కింద పడ్డా, రోడ్డు మీద లారీ కింద పడ్డా ప్రాణం ఒకటే, అప్పీలు గడప ఎత్తు మాత్రం వేరు. ఎందుకని నన్నడక్కండి.

క్లెయిమ్ దశలో వెరిఫికేషన్ సంగతి చాలామందికి తెలీదు. కమిషనర్ ముందు సీపీసీ మొత్తం నడవదు. నష్టపరిహార చట్టం కింద వచ్చిన 1924 నియమాల్లో రూల్ 41, సీపీసీ నుంచి కొన్ని ఆర్డర్లనే ఏరి పెట్టింది. ఆర్డర్ 9 (గైర్హాజరు) ఉంది, 17 (వాయిదాలు) ఉంది, వెరిఫికేషన్ ఉన్న ఆర్డర్ 6 లేదు. దానికి బదులు దరఖాస్తు కింద, ఇందులోని వాస్తవాలు నాకు తెలిసినంతవరకు సరైనవే అని దరఖాస్తుదారు సంతకం చేసే చిన్న సర్టిఫికెట్ చాలు. క్వారీ కూలీల భార్యలు చాలామంది వేలిముద్ర వేసేవాళ్ళే. "చదివి వినిపించగా సరియని ఒప్పుకొని" అని కింద రాసి, నిజంగానే చదివి వినిపించాలి. నేను మొదట్లో చదివేదాన్ని కాదు. ఒకావిడ, "అమ్మా, మా ఆయన పోయింది సోమవారం కాదు, ఆదివారం" అన్నాక చదవడం మొదలుపెట్టాను. ఆ దరఖాస్తులో తేదీ తప్పే పడింది మరి.

ఇక సెక్షన్ 30 అప్పీలు హైకోర్టులో సి.ఎం.ఏ. (సివిల్ మిసలేనియస్ అప్పీలు)గా వస్తుంది. చట్టపరమైన ముఖ్య ప్రశ్న లేకపోతే నిలవదు. వాస్తవాల మీద చివరి మాట కమిషనర్‌దే అని 2017 రిపోర్టుల్లో గొల్ల రాజన్న కేసు చెబుతుంది. పేరు మన తెలుగు పేరులా ఉంది గానీ కేసు కర్ణాటకది. పరిహారం ఎప్పుడు బాకీ పడుతుందంటే ప్రమాదం జరిగిన రోజునే, అది 1976 ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్. ఎడమ చేయి పోయిన వడ్రంగి కేసు. వడ్రంగి అని గుర్తుంచుకుంటే తీర్పు మొత్తం గుర్తుంటుంది. అప్పీలు గడువులు కలగాపులగం కాకుండా చూసుకోండి: ఇక్కడ అరవై, లిమిటేషన్ యాక్ట్ ఆర్టికల్ 116లో జిల్లా కోర్టుకి ముప్పై, హైకోర్టుకి తొంభై. 2025 నవంబరు 21 నుంచి ఈ నష్టపరిహార చట్టం బదులు సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది, కమిషనర్ బదులు కాంపిటెంట్ అథారిటీ అంటున్నారు. పాత ప్రమాదాల కేసులు ఇంకా నడుస్తాయి కాబట్టి రెండూ చదవాల్సిందే, తప్పదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. స్క్రీనింగ్‌కి పాత పేపర్లు, బేర్ యాక్టులు, అంతే. క్రిమినల్ పేపర్‌కి పాత సెక్షన్ నంబర్లు మర్చిపోలేక ఎడమ పేజీలో ఐపీసీ, కుడి పేజీలో దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) రాసుకున్నాను. ట్రాన్స్‌లేషన్‌కి మాత్రం ఎవరి నోట్సూ వద్దు, కోర్టులో పాత తెలుగు దస్తావేజులు చదవండి.

కోచింగ్ వద్దంటున్నానా? అనడం లేదు. డబ్బులు లేక వెళ్ళలేదు, అంతకన్నా ఆదర్శమేం లేదు. "నల్లకోటు వేసుకుని తిరిగితే చదువెప్పుడు, పెళ్ళెప్పుడు" అని మా పిన్ని నాలుగేళ్ళు అంది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఈ పరీక్షకి మూడేళ్ళ ప్రాక్టీస్ ఉండాల్సిందేనని చెప్పిన రోజు ఆ వార్త ఆవిడకి వాట్సాప్‌లో పంపాను. చిన్నబుద్ధే, ఒప్పుకుంటాను. ఫుల్‌టైమ్ చదివినవాళ్ళు నాకన్నా తక్కువని కాదు. కానీ రాత్రి పదకొండుకి రీల్స్ చూస్తూ "టైమ్ లేదు" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. పొద్దున కోర్టు, సాయంత్రం ఆఫీసు, రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు నా చదువు. ఫోన్ అమ్మ దగ్గర పెట్టేదాన్ని. మీరు మీ అమ్మ దగ్గరే పెట్టక్కర్లేదు, బీరువాలో పెట్టినా చాలు.

ఈసారి వైవాలో సెక్షన్ 30 అడుగుతారని సర్టిఫికెట్ నమూనాతో సహా కంఠతా పట్టుకెళ్ళాను. దాని ఊసే ఎత్తలేదు. ఫైలింగ్‌లో మీరు చేసిన తప్పు ఒకటి చెప్పమన్నారు. కట్ట రెండుసార్లు వెనక్కి వచ్చిన కథ చెప్పాను, మిర్చిబజ్జీతో సహా. బోర్డులో ఒకరు నవ్వి, "రెండోసారి రిటర్న్ అయ్యాక ఎన్నాళ్ళకి రీప్రజెంట్ చేశారు?" అని అడిగారు.

"నాలుగు రోజులకి సర్. తేదీ, స్థలం వేసి."