సమం మీద వదిలిన ఖాళీ

మన పూర్వ విద్యార్థుల సభ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు కోరినప్పుడు, నేను అప్పటి వీడ్కోలు సభ గురించి రాస్తానని మీరంతా అనుకొని ఉంటారు. కలం పట్టగానే నాకు గుర్తొచ్చినవి మాత్రం 1981 జూన్ నెల, రేకుల షెడ్డు, మృదంగం మాస్టారి ఒళ్లోని టేప్ రికార్డరు.

ఓడలో పనిచేసే తమ్ముడు తెచ్చిన క్యాసెట్టు పెట్టి, ఈ పాడుతున్న జమైకా గాయకుడు బాబ్ మార్లీ కిందటి నెల 11న 36 ఏళ్లకే కన్నుమూశాడని మాస్టారు చెప్పారు. తర్వాత, గొంతును వదిలేసి డ్రమ్ము వినమన్నారు. నాలుగు దెబ్బల వరుసలో మార్లీ బృందపు డ్రమ్మరు కార్ల్‌టన్ బ్యారెట్ మొదటిదాన్ని, అంటే మన తాళంలో సమం అనే చోటును, ఖాళీగా వదిలి, బరువంతా మూడోదాని మీద వేస్తాడు. రెగే అనే ఆ జమైకా సంగీతం వాయించేవాళ్లు ‘వన్ డ్రాప్’ అనేది దీన్నే. "సమం ఎక్కడుందో ఒంటికి పట్టినవాడే దాన్ని వదలగలడురా" అని మాస్టారు మన చేత బల్లల మీద వాయింపజేశారు. చివరి బెంచీకి ఆ రోజే పట్టుబడింది. మొదటి బెంచీకి శనివారం దాకా పట్టలేదు.

జో హిగ్స్ సంగతి మాస్టారికి చెప్పలేకపోయానన్నదే నా బాధ. ఆ పేరు నాకు తెలిసేనాటికి మాస్టారు లేరు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని ట్రెంచ్ టౌన్‌లో, తన ఇంటి ముంగిట, డబ్బు తీసుకోకుండా మార్లీకీ, పీటర్ టాష్‌కూ, బన్నీ వెయిలర్‌కూ గొంతులు కలిపి పాడడం నేర్పిన గురువు హిగ్స్. 1963లో జట్టుకట్టిన ఆ కుర్రాళ్ల పాట మరుసటి ఏడాదే జమైకాలో మొదటి స్థానానికి చేరింది. 1973లో ‘క్యాచ్ ఎ ఫైర్’ ఆల్బమ్‌తో బయటి దేశాలు వాళ్లను గుర్తించాయి. అదే ఏడాది అమెరికా యాత్రకు బన్నీ రానన్నప్పుడు, ఆ ఖాళీలో నిలబడి పాడింది హిగ్సే. శిష్యుడు వదిలిన చోటును గురువు నింపాడన్న ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1974 నాటికి టాష్, బన్నీ విడిపోయినా, కార్ల్‌టన్, బాస్ గిటారు వాయించే అతని అన్న ఆస్టన్ నిలవడం వల్ల ఆ నడక చెదరలేదు. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకలో మోగింది కూడా ఆ అన్నదమ్ముల లయే.

నేను 32 ఏళ్లుగా హైదరాబాదులో పాటల రికార్డింగు చేస్తున్నాను. నా చేతి మీదుగా వెళ్లిన పాటలు మీలో చాలామంది ఇళ్లలో మోగుతున్నాయని తెలిసినప్పుడు సంతోషంగా ఉంటుంది. ప్రతి సందునూ దెబ్బతో నింపే కుర్ర డ్రమ్మరు వస్తే, ఒక్కసారి సమం వదిలి వాయించు నాయనా అని అడుగుతాను. విన్నాక చాలామంది అలాగే ఉంచేస్తారు.

మాస్టారి అమ్మాయి ఆ క్యాసెట్టును నాకిచ్చింది. సభ రోజున తెస్తాను. టేప్ రికార్డరు ఎవరైనా తీసుకురండి. చివరి బెంచీ వాళ్లు కాస్త ముందుగా రావాలి.