ఎంగిలి కంచాలు, ఖర్జూర గెలలు

డెబ్బై దాటిన పెద్దాయన నా చేతిలోంచి కంచం తీసుకున్నాడు. మిగిలిన దోసకాయ ముక్కల్ని, రొట్టె తునకల్ని చేత్తోనే డబ్బాలోకి దులిపి, కంచాన్ని మెషిన్ బెల్టు మీద పెట్టాడు. "బోకెర్ తోవ్" (శుభోదయం) అని నవ్వి, నా వెనకున్న కుర్రాడి కంచం కోసం చెయ్యి చాచాడు. నలభై ఏళ్ళ కిందట ఇజ్రాయెల్లో కిబ్బుట్జ్ అనే ఆ ఉమ్మడి ఊరిని మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకరని ముందురోజే ఎవరో చెప్పారు. ఆ వారం గిన్నెల డ్యూటీ ఆయనది.

నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. అనంతపురం జిల్లాలోని మా ఇంట్లో నాయన తిన్న కంచం అమ్మ తీస్తుంది. అన్న తిన్న కంచం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నేనే తీశాను. ఇంట్లో ఎవరి ఎంగిలి ఎవరు ఎత్తాలో మాకెవరూ నేర్పలేదు, అలా జరిగిపోతుందంతే. తాత వయసున్న మగమనిషి నా ఎంగిలి ఎత్తడం అదే మొదటిసారి చూడటం.

బీటెక్ అయిపోయి, ఉద్యోగంలో చేరడానికి ఏడాది టైం దొరికింది. ఇజ్రాయెల్లో కిబ్బుట్జ్ అని ఉంటుందని, అందరూ కలిసి పని చేసి కలిసి తింటారని, బయటి యువతను వలంటీర్లుగా తీసుకుంటారని కాలేజీలో ఒక సీనియర్ చెప్పింది. వద్దని అమ్మ ఏడ్చింది. ఒప్పుకున్నది నాయన. మాది ఛీనీ (బత్తాయి) తోట. బోర్లు ఎండిపోయిన ఏడాది చెట్లను బతికించింది డ్రిప్పే కాబట్టి, ఆయనకు ఇజ్రాయెల్ అంటే డ్రిప్పు పైపు. "వాళ్ళు నీళ్ళు ఎట్ల పెడతారో చూసి రాపో" అన్నాడు.

అలా 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి టెల్ అవీవ్, అక్కడి నుంచి బస్సులో దక్షిణంగా అరావా లోయకు చేరాను. కిటికీలోంచి చూస్తే రాళ్ళ కొండలు, తెల్లటి నేల, తుమ్మ జాతి చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి. లోయకు అటుపక్క ఎర్రగా కనిపించే కొండలు జోర్డాన్‌వి. వాన ఏడాదికి 30 మిల్లీమీటర్లు పడటం కష్టం. కరువు జిల్లా అని పేరుపడ్డ మా అనంతపురంలోనే 500 మిల్లీమీటర్ల పైన పడుతుంది. అలాంటి చోట బారులు తీరిన ఖర్జూరపు తోటలు కనబడేసరికి ఫోన్ తీసి నాయనకు ఫొటో పంపాను. నేను ఉన్న కిబ్బుట్జ్ పేరు రాయడం లేదు. చిన్న ఊరు, అందరూ అందరికీ తెలుసు, వాళ్ళ ఇళ్ళలోని మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను కాబట్టి.

మొదటి కిబ్బుట్జ్ దెగానియా, 1910లో గలిలయ సరస్సు ఒడ్డున మొదలైంది. ఇప్పుడు దేశంలో 270 దాకా ఉన్నాయి. అన్నీ పాత పద్ధతిలో లేవు. 1980లలో అప్పుల్లో మునిగాక చాలావాటిలో ఎవరి జీతం వాళ్ళదే అయింది. నేనున్నది ఇంకా మారని కొద్ది వాటిలో ఒకటి. డాక్టరు బయట పని చేసి తెచ్చిన జీతమూ ఉమ్మడి ఖాతాలోకే పోతుంది, ఆవులు పితికే మనిషి కష్టమూ అక్కడికే. ఇంట్లో మనుషుల లెక్కన ఖర్చులకు డబ్బు ఇస్తారు. మా వలంటీర్లకు గది, తిండి, కొంచెం పాకెట్ మనీ. బట్టలు ఊరంతటికీ ఒకటే లాండ్రీ. ఒక్కొక్కరి బట్టల మీద ఒక నంబరు ముద్ర ఉంటుంది, ఉతికి మడతపెట్టి ఆ నంబరున్న అరలో పెడతారు. లాండ్రీలో మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళే కనబడ్డారు. ఆ మాట అడిగితే, నన్ను దగ్గరికి తీసిన పెద్దావిడ తలూపింది.

వలంటీర్లను తలా ఒక కుటుంబం దత్తత తీసుకుంటుంది. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక వాళ్ళింటికి వెళ్ళి కాఫీ తాగాలి. నన్ను తీసుకున్న ఆవిడ ఉత్తరాన పాత కిబ్బుట్జ్‌లో పుట్టి పెరిగింది. పిల్లలు తల్లిదండ్రుల దగ్గర కాకుండా పిల్లల ఇంట్లో పడుకునే రోజులవి. ఆడవాళ్ళను ఇంటి చాకిరీ నుంచి విడిపించాలని పెట్టిన పద్ధతి. "మా అమ్మను వంటింట్లోంచి విడిపించి పెద్ద వంటశాలలో పెట్టారు. నా బదులు ఇంకొకరి పిల్లల్ని చూసేది" అంది ఆవిడ. రాత్రిపూట ఇంటర్‌కమ్‌లో పిల్లల ఏడుపు వింటూ ఒక కాపలా మనిషి ఉండేదట, వచ్చేది ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. కప్పును రెండు చేతుల్తో పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ చెప్పింది. 1990లు ముగిసేసరికి పిల్లలంతా తల్లిదండ్రుల ఇళ్ళకే చేరారు. ఇంత జరిగినా ఆవిడ కిబ్బుట్జ్ వదల్లేదు. ఎందుకని అడిగాను. "మా ఆయన పోయినప్పుడు నలభై రోజులు నేను పొయ్యి వెలిగించలేదు" అంది.

నాకు తోట పని పడింది. సాయంత్రం బోర్డు మీద పని పట్టీ అంటిస్తారు, పొద్దున ఐదింటికి ట్రాక్టరు. ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు, మన తాటిచెట్లలో పోతుతాడు, పండుతాడు లాగే. గాలికి వదిలేస్తే కాపు సరిగ్గా రాదని మగ పూల పుప్పొడి సేకరించి, మార్చిలో ఆడ పూల మీద మనుషులే చల్లుతారు. లిఫ్టు మీద నిలబడి మట్టల మధ్యకు దూరాలి. మట్ట మొదట్లో ముళ్ళు వేలి పొడుగు ఉంటాయి. పుప్పొడి పచ్చగా పిండిలాగా ముక్కులోకి, కనురెప్పల మీదికి చేరేది. ఏప్రిల్, మే నెలల్లో పిందెలు ఏరేయడం. ఒక్కో ఈనెకు కొన్నే ఉంచి మిగతావి రాల్చేయాలి, అప్పుడే మెద్జూల్ రకం కాయ బొటనవేలంత అవుతుంది. మొదటివారం పిందె రాల్చాలంటే చెయ్యి రాలేదు. ఛీనీ పిందె రాలితే ఇంట్లో అన్నం సయించని మనుషుల మధ్య పెరిగాను.

నీళ్ళ సంగతి నాయనకు రోజూ చెప్పేదాన్ని. తోటకు పారేది తాగే నీళ్ళు కాదు, ఉప్పు బోరు నీళ్ళు, శుద్ధి చేసిన మురుగు నీళ్ళు. ఖర్జూరం ఉప్పును తట్టుకుంటుంది. డ్రిప్పును వ్యాపారంగా మొదలుపెట్టిందీ ఒక కిబ్బుట్జే, 1965లో హత్సెరిమ్. అంతా విని నాయన, "ఆ ముసలాయన నీ కంచం తీసినాడా?" అని మళ్ళీ అడిగాడు. అంతకుముందు వారం చెప్పిన మాట అది.

నాకూ కంచాల డ్యూటీ పడింది. యూదుల ఆచారం ప్రకారం మా వంటశాలలో పాల తిండికి, మాంసానికి కంచాలు వేరు, చెంచాలు వేరు, కలిస్తే పెద్ద తప్పు. అన్ని కిబ్బుట్జుల్లో అంత పట్టింపు ఉండదు. ఆ పట్టింపు చూస్తే మా అవ్వ మడి గుర్తొచ్చింది. కానీ అక్కడ కంచాలు వేరయ్యేది తిండిని బట్టి, తినే మనిషిని బట్టి కాదు. మూడు వందల కంచాల ఎంగిలి దులిపేటప్పుడు ఏది ఊరి సెక్రటరీది, ఏది పాల కొట్టం పనివాడిది అని తెలియదు, తెలుసుకోవాలనిపించదు కూడా.

ఆ వరసలో థాయ్ పనివాళ్ళ కంచాలు మాత్రం లేవు. ఎండాకాలమంతా తోటలో నా పక్కనే పని చేసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ గదులు తోట అంచున, వంట వాళ్ళదే. వాళ్ళది జీతం పని, సభ్యత్వం లేదు, ఊరి సభలో ఓటు లేదు. ఒక మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చోబెట్టి వాళ్ళ జిగురన్నం, దంచిన పచ్చిమిరపకాయల పచ్చడి పెట్టారు. అమ్మ కట్టిచ్చిన గోంగూర సీసా తెచ్చి మధ్యలో పెట్టాను. వాళ్ళు వేరుగా ఉండే సంగతి అడిగితే, నా కంచం తీసిన పెద్దాయన దాచలేదు. "కూలికి మనిషిని పెట్టుకోకూడదని మా పెద్దల మాట. దాన్ని మేం నిలబెట్టుకోలేదు" అన్నాడు. ఉత్తరాన కొన్ని కిబ్బుట్జుల పొలాలు 1948లో అరబ్బులు వదిలిపోవాల్సి వచ్చిన ఊళ్ళవని కూడా ఆయన నోటే విన్నాను. 2023 అక్టోబర్ 7న గాజా పక్కనున్న కిబ్బుట్జుల మీద దాడి జరిగినప్పుడు చనిపోయినవాళ్ళలో, బందీలైనవాళ్ళలో థాయ్ పనివాళ్ళూ ఉన్నారు. ఆ పేర్లు చదువుతుంటే నాకు ఆ చెట్టు నీడే కనబడింది. ఆ తర్వాత గాజా పిల్లల ఫొటోలు చూసిన రాత్రులు కూడా నిద్ర పట్టలేదు.

పస్కా అనే యూదుల పండగ సెలవుల్లో టెల్ అవీవ్ వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర తెలుగు వినబడింది. జగిత్యాల వైపు అక్క, పదేళ్ళుగా ఒక ముసలామెకు కేర్‌గివర్. అలా వచ్చిన మన తెలంగాణవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. "నీకెంతిస్తరు బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. "పైసల్లేకుండ ఎండల చేస్తున్నవా, ఇంట్ల ఎరుకేనా?" అని నా చెయ్యి పట్టుకుంది. అరచేతిలో ముళ్ళ గీతల్ని వేలితో తడిమి, బలవంతంగా అన్నానికి తీసుకెళ్ళింది. పప్పుచారు పోసుకుని తిన్నాం. తిన్నాక ఆమె కంచం నేను తీయబోతే తీయనియ్యలేదు.

ఆగస్టు చివర కోతలు మొదలయ్యాయి. వల సంచుల్లో కట్టిన గెలలు విప్పి, పండినవి మాత్రం ఒక్కొక్కటిగా ఏరడం. ఎండ నలభై దాటేది. నేను మార్చిలో పుప్పొడి చల్లిన వరసలోనే కాయలు కోశాను. సెప్టెంబర్ చివర, వాళ్ళ కొత్త సంవత్సరానికి ముందు, అయిదు కిలోల పెట్టె చేతికిచ్చి పంపించారు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు మా తోటలో ఛీనీ కోత. నాయన కోతకు వచ్చిన కూలీలందరికీ ఖర్జూరాలు పంచాడు, ఒక్కొక్కరికి రెండు. తర్వాత అమ్మ టీ పోసింది. కూలీల గ్లాసులు ఎప్పటిలాగే కొట్టం చూరులో ఉన్నాయి, వాళ్ళే తీసుకుని తాగి, వాళ్ళే కడిగి మళ్ళీ చూరులో పెట్టారు. చిన్నప్పటి నుంచి చూస్తున్న గ్లాసులే. వాళ్ళు వెళ్ళాక అవి దించి, మా గ్లాసులతో కలిపి తోమి, వంటింటి అరలో బోర్లించాను. అవ్వ గడప దగ్గర కూర్చుని చూసింది, ఏమీ అనలేదు.

పొద్దున లేచేసరికి గ్లాసులు మళ్ళీ చూరులో ఉన్నాయి. స్టూలు వేసుకుని దించాను. ఈసారి నాయన వచ్చి స్టూలు పట్టుకున్నాడు.