అయిదో రోజా, అయిదో తేదీనా?

కందుకూరులో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, బిల్లు పుస్తకాలు, ఇవే మా పనులు. మా వదిన ఆశా వర్కరు. పోయిన నెల ఒక కాగితం తెచ్చి, "అమ్మాయ్, మాలా-ఎన్ వేసుకునేవాళ్లకి ఇది ఇస్తన్నాం, ఒక్కరూ చదవట్లా. చదివేటట్టు చేసిపెట్టు" అంది.

చీమ తలకాయలంత అక్షరాలు, ఒత్తులన్నీ కలిసిపోయి ఉన్నాయి. పైన "గర్భనిరోధక మాత్రల సేవన విధానం". దాన్ని తీసేసి "పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే రోజూ వేసుకునే బిళ్ళ" అని పెట్టా. అక్షరం 14 పాయింట్లకి పెంచా.

మధ్యాహ్నం అన్నాల వేళ పొగాకు గ్రేడింగు ఆడవాళ్ల దగ్గరికి తీసుకుపోయా. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. అందుకని, చదివి మీ మాటల్లో చెప్పండి అన్నా. "నెలసరి 5వ రోజులోపు మొదలుపెట్టాలి" అన్న లైను దగ్గర ఒకామె ఆగింది. "అయిదో తేదీ దాటిపోయిందే, వచ్చే నెల దాకా ఆగాల్నా?" పక్కన ఇద్దరు కూడా అదే అనుకున్నారు. ఆ లైను నేను రాసిందే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు అక్కడ చెయ్యి బొమ్మ ఉంది: ముట్టు కనపడిన రోజు బొటనవేలు, చిటికెన వేలు దాటకముందే మొదటి బిళ్ళ.

ఇంకొకామె నల్ల బిళ్ళలు వేడి చేస్తాయని పారేస్తోందట. స్ట్రిప్పులో 28 బిళ్ళలు. తెల్లవి 21, నల్లవి 7. నల్లవి ఐరన్, రక్తానికి మంచిది. పైగా రోజూ వేసుకునే అలవాటు తప్పిపోదు, అవి అయిపోయిన మర్నాడే కొత్త స్ట్రిప్పు మొదలవుతుంది. పారేసి లెక్క తప్పి, కొత్తది ఆలస్యం చేస్తేనే గర్భం వచ్చే ప్రమాదం.

పీహెచ్‌సీ డాక్టరమ్మ చూసి, టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకి ఈ బిళ్ళ సరిగా పనిచేయదని, 6 నెలల్లోపు బిడ్డకి పాలిచ్చే తల్లికి వద్దని చేర్పించింది. చోటు చాలలేదు. అక్షరం తగ్గించనని వెనకపేజీకి పోయా. పిక్కలో వాపు, గుండెలో నొప్పి, ఆయాసం, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం: వీటిలో ఏదొచ్చినా వెంటనే ఆస్పత్రికి. ఇది ఎర్ర గడిలో.

మర్చిపోతే ఏం చేయాలన్నదే ఇంకా తేలలా. తెల్లది ఒకటి మర్చిపోతే గుర్తుకొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఆ రోజుది దాని వేళకి వేసుకోవాలి. రెండు, అంతకంటే ఎక్కువ పోతే ఒకటి వెంటనే వేసుకుని, రోజూ కొనసాగిస్తూ 7 రోజులు నిరోధ్ కూడా వాడాలి. చదవలేనివాళ్ల కోసం రెండు బిళ్ళలు పక్కపక్కన గీస్తే, ఒక ముసలామె చూసి "రోజూ రెండేసా?" అంది. ఆ బొమ్మ మళ్లీ గీస్తన్నా.